గంగాళంలో తోకకప్పలు

పోయిన వానాకాలం సూరత్ పక్కనున్న కామ్‌రేజ్ వెళ్ళాను. మా పెద్దబాపు, అంటే మా పెదనాన్న, కొడుకు సీను అక్కడ కొత్త సొసైటీలో ఫ్లాటు కొన్నాడు. కొన్నవాడు ఊరుకోకుండా దాని కమిటీకి చైర్మన్ కూడా అయ్యాడు. సొసైటీ పేరులో సరస్సు ఉంది, కమలం ఉంది, చివర ఏదో ఇంగ్లీషు ముక్క కూడా ఉంది. నిజానికి అక్కడ ఉన్నది నాలుగు టవర్ల నడుమ సిమెంటు పోసి, అంచుకు నీలం పలకలు అతికించిన ఒక నీటి గుంట. బిల్డరు దాన్ని చూపించి కిటికీలకు కూడా రేటు పెంచాడట. అలా కిటికీ కొనుక్కున్న పుణ్యాత్ములే ఇప్పుడు ఆ కిటికీలు బిగించుకుని, చెవుల్లో దూది పెట్టుకుని కూర్చున్నారు. కారణం ఏమంటే, తొలకరి జల్లు పడగానే ఎక్కడినుంచో కప్పలు దిగాయి. మెయింటెనెన్సు కట్టలేదు, గేటు దగ్గర పేరు రాయించలేదు, వాచ్‌మన్‌ను అడగనైనా లేదు. నేరుగా వెళ్ళి నీళ్ళలో కూర్చుని కచేరీ మొదలుపెట్టాయి. సీను కూతురు కాలేజీ పిల్ల. నన్ను చూడగానే, "అత్తా, యే దేడకా లోగ్ సోనే హీ నై దేతే, నిద్రే లేదు నాకు" అంది. కప్పల మీద మూడు భాషల్లో ఫిర్యాదు చేయడం మా సూరత్ పిల్లలకే చెల్లింది.

ఆ ఆదివారం క్లబ్‌హౌస్‌లో మీటింగ్ పెట్టారు. కప్పల మీద పెట్టిన ఆ మీటింగ్ కూడా కప్పల తక్కెడలాగే సాగింది. ఒకాయన బ్లీచింగ్ పౌడర్ చల్లమన్నాడు. ఇంకొకాయన, పెద్ద వ్యాపారి, పాము బుస రికార్డు చేసి స్పీకర్లో పెడితే అవే పారిపోతాయన్నాడు. ఆ తెలివికి అందరూ తలలు ఊపారు. నేను చాలా ఏళ్ళు తెలుగు మీడియం బడిలో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యానని సీను పరిచయం చేశాక నావైపు తిరిగి, "తో శూ కర్వూ, బేన్?" అని అడిగారు. ఏం చేయాలో చెప్పాను. అవి అరుస్తున్నది మీ మీద కోపంతో కాదు, పెళ్ళి కోసం. నాలుగు రోజులు ఓపిక పడితే వాటి దారిన అవే పోతాయి అన్నాను. పోయినేడు దోమలు తింటాయని మీరు పెంచిన చేపలే ఈ గోలకు సగం కారణం అని కూడా చెప్పాను. చేపలు మిగతా కప్పల పిల్లలను లొట్టలేసుకుంటూ తింటాయి, గోదురుకప్ప పిల్లను మాత్రం నోట్లో పెట్టుకుని చేదని ఉమ్మేస్తాయి. పోటీ లేని చెరువు ఒంటినిండా బొడిపెలుండే ఈ గోదురుకప్పల పాలైంది. అంటే గోదురుకప్పలకు ఇల్లు ఖాళీ చేయించి పెట్టింది కమిటీయే. ఇంత చెప్తే వాళ్ళు శ్రద్ధగా విని, ఇంకో బుట్టెడు చేపలు తెచ్చి వేయాలని తీర్మానం చేశారు.

నాకు నవ్వు ఆగలేదు. సీను ముఖం మాడ్చుకుని, "అక్కా, నువ్వు గిట్ల నవ్వితే నా ఇజ్జత్ ఏం గావాలె?" అన్నాడు. వాడికి ఏం చెప్పను? కప్ప నోరు ఎట్లా మూయించాలని వీళ్ళు సభ చేస్తున్నారు. వీడి తండ్రి బతుకు కోసం, మా ఇంట్లో ఒకప్పుడు ఒక్క కప్ప కావాలని దేవులాడాం. దొరక్కపోతే కప్ప పిల్లల్ని తెచ్చి, అన్నప్రాశన చేసినంత పని చేసి, పెంచి పెద్ద చేశాం. ఆ సంగతి సీనుకు తెలియదు, అప్పటికి వాడు పుట్టలేదు.

అప్పుడు మేముండేది పాండేసర అవతల, కార్ఖానాల వెనక వేసిన ఖోలీల లైనులో. లైను అంటే ఒకే గోడను పంచుకుని, ఒకే కుళాయి దగ్గర తిట్టుకుని, ఒకే మగ్గాల మోతలో నిద్రపోయే ఇళ్ళ వరుస. నాలుగైదు గుజరాతీ ఇళ్ళు తప్ప అందరం నేతవాళ్ళమే, అందరం కరీంనగర్ వైపు వాళ్ళమే. ఊళ్ళలో చేతిమగ్గాలు అటకెక్కాక ఒకరి వెనక ఒకరు రైలెక్కి వచ్చినవాళ్ళం. పొద్దున లేస్తే ముందు తగిలేది మగ్గాల నూనె వాసన. దాని వెనక కిరసనాయిలు స్టవ్వు వాసన, పక్క ఇంటి గుజరాతీ ఆవిడ పోపులో వేసే ఇంగువ, ఆ తర్వాత ఎప్పుడో మా అమ్మ కాల్చే జొన్నరొట్టె. మా బాపు పన్నెండు గంటల పాళీ చేసి వచ్చి, నులక మంచం మీద వాలి, చాయ్ అడిగేవాడు. ఆయన చాయ్ అడిగిన సంగతి లైను చివరి ఇంటికి కూడా తెలిసేది. మగ్గాల మధ్య బతికినవాళ్ళకు మెల్లగా మాట్లాడటం రాదు. అందుకే మా లైనులో రహస్యాలు ఉండేవి కావు. భార్యాభర్తల గుసగుసలు కూడా కేకలే.

మా నాయనమ్మకు మాత్రం ఆ మోతతో పని లేదు. మోత కంటే ఆమె గొంతే పెద్దది. గడపలో కూర్చుని, నోట్లో చుట్ట పెట్టుకుని, పొగ నా ముఖం మీదికి వదులుతూ నూలు కండెలు చుట్టేది. ఆమెకు ప్రపంచంలో అన్నిటికీ మందు ఒక్కటే, గంజి. నూలు తెగితే గంజి, పిల్లకు జ్వరమొస్తే గంజి, కోడలికి కోపమొస్తే కోడలికీ గంజే. పొద్దున అన్నం వార్చిన గంజి ఒక్క చుక్క పారబోస్తే ఇంట్లో పీనుగు లేచినంత రభస చేసేది. సూరత్‌కు వచ్చి చాలా కాలమైనా ఆమె ఈ ఊరును ఒప్పుకోలేదు. ఇక్కడి నీళ్ళు చప్పన, ఇక్కడి పప్పు తీపి, ఇక్కడి దేవుళ్ళకు మన మాట అర్థం కాదు. వారానికోసారి సలాబత్‌పురా బజారుకు నన్ను వెంటేసుకుని వెళ్ళి, ప్రతి కొట్టులో తెలుగులోనే బేరమాడి, గెలిచి వచ్చేది. "గాళ్ళకు సమజ్ గాకుంటే మనకేంది? మనకు సమజైతే సాలు" అనేది.

ఆమె ప్రాణమంతా ఊళ్ళో ఉన్న పెద్ద కొడుకు మీద ఉండేది. ఆయనే మా పెద్దబాపు. మా కులంలో నాగలి పట్టిన పిచ్చివాడు ఆయన ఒక్కడే. మగ్గం అమ్మేసి, వాన పడితే తప్ప పండని చెలక ముక్క ఒకటి కొన్నాడు. ఊరంతా నవ్వింది. ఒకసారి మమ్మల్ని చూడటానికి సూరత్ వచ్చి, మగ్గాల మోతలో నిద్రపట్టక, తెల్లవారే లోపే మూట కట్టుకున్నాడు. "గీ డబ్బాల నడుమ నేను బతుకలేనవ్వా. సచ్చినా రాను" అని నాయనమ్మ కాళ్ళు మొక్కి వెళ్ళిపోయాడు. ఆ మాట అన్నాక ఊళ్ళో వరసగా కరువు. వచ్చిపోయే వాళ్ళ చేత కబురు పంపాడు: ఈసారి కూడా వాన పడకపోతే చెలక అమ్మేసి మగ్గానికే వస్తా, బాపును ఒక పాళీ చూసిపెట్టమని. నాయనమ్మ ఆ కబురు విని చుట్ట ఆర్పేసింది. అందరూ అన్నది, వస్తే మంచిదే కదా, కొడుకులిద్దరూ కళ్ళముందుంటారని. ఆమె మాత్రం, "రావద్దు. గాడు మన్నుల మనిషి. గా మోతల పడితే ఎండుతడు" అంది. ఆ వానాకాలమంతా మా ఇంట్లో ఇదొక్కటే మాట. పెద్దబాపు వస్తాడా, ఆగుతాడా?

మా లైను వెనక, కార్ఖానా యజమాని సేఠ్ కొత్త షెడ్డు కోసం పునాది గుంత తవ్వించాడు. తవ్వించాక అన్నదమ్ములకు పేచీ వచ్చి పని ఆగింది. తొలకరికి ఆ గుంత నిండింది. నిండిన సాయంత్రమే కప్పలు వచ్చి అరిచి, మర్నాటికి తాళ్ళు తాళ్ళుగా, నల్లపూసల దండల్లా గుడ్లు పెట్టి వెళ్ళిపోయాయి. మా బాపులాంటివాళ్ళే అవి కూడా. వచ్చిన పని ముగించుకుని ఎక్కడో మట్టిలో పడి నిద్రపోయేవి. నాకు బడి లేదప్పుడు. తెలుగు మాస్టారు ఊరికి పోయి తిరిగి రాలేదు. కాబట్టి నా చదువంతా ఆ గుంత గట్టు మీదే. ఏమున్నాయి అందులో అంటే, అన్నీ ఉన్నాయి. గోదురుకప్ప పిల్లలు నల్లగా, చిన్నగా, గుంపు విడవకుండా తిరిగేవి. మిల్లులో పాళీ మారినప్పుడు జనం కదిలినట్టు అందరూ ఒకే దిక్కుకు. అడుగున బురద గీకుతూ బతికే బూడిద రంగువి ఇంకో జాతి. ఎవరితో కలవకుండా, పెద్ద నోరు వేసుకుని, అంచు నీడలో పొంచి ఉండే లావుపాటివి మరొకటి. వాటి మధ్యలో తూనీగ పిల్ల పురుగులు, నీటి తేళ్ళు. చేప మాత్రం ఒక్కటీ లేదు. నీళ్ళు ఎండిపోయే గుంతలో చేప ఉండదు కదా. చేప లేదు కాబట్టే తోకకప్పకు అక్కడ బతుకు. ఎండిపోతుంది కాబట్టే అక్కడ తొందర. ఏ గుంత దాన్ని కాపాడుతుందో ఆ గుంతే దాన్ని తరుముతుంది. ఈ మాట కాలేజీలో లెక్చరరు బోర్డు మీద రాసి, పరీక్షలో వస్తుందని చెప్తే పిల్లలందరూ రాసుకున్నారు. నేను రాసుకోలేదు, నాకు ముందే వచ్చు.

తొలకరి తర్వాత సూరత్‌లో కూడా వాన మొహం చాటేసింది. గుంత అంచులు లోపలికి జరిగాయి. ఊరి కబురు ఇంకా పాడుగా ఉంది; పెద్దబాపు విత్తింది మాడిపోతే మళ్ళీ విత్తాడట, అదీ మాడింది. అప్పుడు నాయనమ్మ కప్పతల్లి ఆడాలని నిర్ణయించింది. మా వైపు తెలియనివాళ్ళు ఉండరు: కరువొస్తే ఒక కప్పను వేపమండలతో రోకలికి కట్టి, భుజాల మీద మోస్తూ ఇంటింటికీ తిప్పుతారు. ఆడవాళ్ళు బిందెలతో దాని మీద నీళ్ళు పోస్తారు. కప్ప తడిస్తే ఊరు తడుస్తుంది. ఇంతవరకు బాగానే ఉంది. కాని ఆడబోయేది సూరత్‌లో, వాన పడాల్సింది కరీంనగర్‌లో. మా బాపు మంచం మీద లేచి కూర్చుని లైను అంతా వినేలా అడిగాడు.

"ఏందవ్వా, ఊర్ల వానకు సూరత్‌ల కప్పను తడిపితే ఏమొస్తది?"

నాయనమ్మ తొణకలేదు. "నీళ్ళు లేనికాడ కప్పను దేనితోని తడుపుతర్రా? ఉన్నకాడనే తడపాలె. నెలనెలా నువ్వు పైసలు ఏడికెళ్ళి పంపుతున్నవు? ఈడికెళ్ళి ఆడికి పోతలెవ్వా? వాన గూడ పోతది."

బాపు మళ్ళీ మంచం మీద వాలాడు. ఆయనకే కాదు, మా లైనులో ఒక్కరికీ ఆ వాదంలో తప్పు దొరకలేదు. పని ఇక్కడ, తినేవాళ్ళు అక్కడ. జ్వరం ఇక్కడ, మందు కోసం మొక్కు అక్కడ. పిల్ల ఇక్కడ పుడితే పేరు అక్కడి నుంచి వచ్చేది. మా బతుకులో ప్రతిదీ మనియార్డరే అయినప్పుడు వాన ఒక్కటి ఎందుకు కాకూడదు? ఇంత చక్కని మూర్ఖత్వం ఊళ్ళో ఉన్నవాళ్ళకు రాదు, పట్నంలో పుట్టినవాళ్ళకూ రాదు. రెండు చోట్ల కాలు పెట్టి నిలబడ్డవాళ్ళకే తోస్తుంది.

తీరా చూస్తే కప్ప లేదు. ఎండకు పెద్ద కప్పలన్నీ నేలలోకి దూరాయి. లైనులో మగవాళ్ళు పాళీ దిగి వచ్చి, మురికి కాలువలన్నీ కెలికి, బురద పూసుకుని, వట్టి చేతులతో వచ్చారు.

"ఏందే పోరీ, గా గుంతల కప్పలు లెవ్వా?" అంది నాయనమ్మ.

"పిల్లలే ఉన్నయి నాయనమ్మా. తోకలతోని."

"తోక ఇయ్యాల ఉంటది, రేపు ఊడ్తది. తే, సాదుదాం."

సాదడానికి పెద్ద పాత్ర కావాలి. ఇంట్లో ఉన్న పెద్ద పాత్ర ఒక్కటే, మా అమ్మ పుట్టింటి గంగాళం. అమ్మ నోరు లేని మనిషి అని అందరూ అనేవారు. ఆ రోజు దాని సంగతి తేలింది. "మా తల్లిగారు పెట్టిన గంగాళమది. అండ్ల కప్పలను సాదుతే మేమేడ తానం జెయ్యాలె?" అని కుళాయి దగ్గర బిందె ఎత్తి పడేసింది. నాయనమ్మ చుట్ట అంటించుకుని, "వాన వడితే ఆకాశమంత గంగాళం. నిలవడి తానం జెయ్యి" అంది. గంగాళం వాకిట్లోకి వచ్చింది. నేను గుంతలోకి దిగి పాత చీర ముక్కతో దేవి, నల్లవి, బూడిదవి, లావువి, తేడా లేకుండా అన్నింటినీ తెచ్చి పోశాను. ఎక్కువుంటే మంచిదని నాయనమ్మ లెక్క. మా ఖోలీలో ఎంతమంది పడుకుంటున్నారో చూస్తూ కూడా ఆమె ఆ లెక్క వేసింది.

ఇక పెంపకం. తోకకప్పలకు ఏం పెట్టాలి? ఇంకేం పెడతారు, గంజే. "గంజి పెడితే నూలు పోగే గట్టిపడ్తది, గీటికి కాళ్ళు మొలువవా?" అని రోజూ గిన్నెడు పోసేది. రెండు రోజులకే నీళ్ళు పులిసి, వాకిలంతా పాత కల్లు దుకాణం వాసన. పక్కింటి గుజరాతీ ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "బా, ఆ శూ ఛే?" అని అడిగితే, నాయనమ్మ "దేవత" అని తెలుగులోనే జవాబిచ్చింది. నీళ్ళు మార్చాల్సిన పని నాది. మార్చిన ప్రతిసారీ గంగాళంలో జనం తగ్గుతున్నారు. ముందు బూడిదవి పోయాయి. తర్వాత నల్లవి తోక తెగినవి, పొట్ట చీలినవి తేలాయి. నేను ఏడుపు ముఖంతో చెప్తే నాయనమ్మ సంబరపడింది. "ఏడుస్తవేందే? కప్పలై ఎగిరిపోతున్నయి. మనకు ఒక్కటి ఆగితే సాలు" అంది. ఎగిరిపోయినవాటి తోకలు ఇక్కడెందుకు ఉన్నాయని నేను అడగబోతే, కండెలు చుట్టమని చెయ్యి చూపించింది. పెద్దవాళ్ళకు ఆశ ఉన్నప్పుడు పిల్లలకు కళ్ళు ఉండకూడదు.

జరిగిందేమిటో పుస్తకాలు నాకు తర్వాత వివరంగా చెప్పాయి. గుంతలో జాతికో మూల ఉంది. ఒకటి పైన తింటే ఒకటి అడుగున తింటుంది, తినబోయేవాడు కనిపిస్తే దాక్కోవడానికి గడ్డి ఉంటుంది. గంగాళానికి మూలలు లేవు. అన్నీ ఒకచోట కుక్కితే, పెద్ద నోరు ఉన్నది మిగతావాటిని తిని బలుస్తుంది. ఆ లావుపాటివి బోదురుకప్ప పిల్లలు, గోదురుకప్పవి కావు. తోటి తోకకప్పలను తినడమే వాటి వృత్తి. చిన్నవి అయిపోయాక అవి ఒకదాన్నొకటి తిన్నాయి. చివరికి ఒక్కటి మిగిలింది, కాళ్ళు మొలిచి, తోక ఊడి కప్పయింది. గంగాళంలో వేసిన ఇటుక ముక్క మీద, సేఠ్ గల్లాపెట్టె ముందు కూర్చున్నట్టు కూర్చుంది. దాన్ని చూసి లైను అంతా దండం పెట్టింది. అందరినీ తిని మిగిలినవాడికి దండం పెట్టడం అప్పటికే మాకు అలవాటే.

సెలవురోజు కప్పతల్లి ఆడాం. రోకలి మనిషంత, కప్ప నా బొటనవేలంత. వేపమండల మధ్య అది ఎక్కడుందో ఎవరికీ కనిపించలేదు. నీళ్ళు పోసే ఆడవాళ్ళు అంచనా మీద పోశారు. సగం నీళ్ళు రోకలి మోస్తున్న మా బాపు మీద పడ్డాయి. ఆయన నూనె మరకల బనీనుతో, తల వంచుకుని, పాటలు రాక "హూ హూ" అంటూ నడిచాడు. లోపల నమ్మకం లేదు, అయినా భుజం మార్చుకోలేదు. అన్న కోసం కదా. మా నాయనమ్మ ముందు నడుస్తూ పాడుతూ, మధ్యమధ్య పాట ఆపి ఆకాశంతో మాట్లాడింది. పెద్ద కొడుకు పేరు, చెలక పేరు, చెలక పక్కన ఉన్న మోటబావి గుర్తు కూడా చెప్పింది, అడ్రసు తప్పిపోకూడదని. గుజరాతీవాళ్ళు వాకిళ్ళలోకి వచ్చి, మా దేవుడి ఊరేగింపు అనుకుని చేతులు జోడించారు. ఒకావిడ బెల్లం ముక్క కూడా ఇచ్చింది. చివర్న కప్పను గుంతలో వదిలితే, అది వెనక్కి కూడా చూడలేదు.

తర్వాత వాన పట్టుకుంది. సూరత్‌లో ఆ రోజుల్లో వాన పడటం వింత కాదు, పడకపోవడమే వింత. అయినా ఎవరు ఒప్పుకుంటారు? ఆ ఒక్క పూట మా నాయనమ్మ లైనుకు రాణి. ఆడవాళ్ళు వచ్చి కాళ్ళకు మొక్కారు. వాన ఆగలేదు. గుంత నిండింది, పొర్లింది, నీళ్ళు కార్ఖానాలోకి జొరబడ్డాయి. మగ్గాల మోటార్లు మునిగాయి, మోత ఆగింది. పాళీలు లేవు, కూలీ లేదు. కాళ్ళకు మొక్కినవాళ్ళే కుళాయి దగ్గర గుసగుసగా, అంటే కేకలు పెట్టి, ముసలిది మన పొట్ట కొట్టింది అన్నారు. చివరికి సేఠ్ ప్యాంటు మోకాళ్ళదాకా మడుచుకుని, గొడుగు పట్టుకుని మా గడప ముందుకు వచ్చి, చేతులు జోడించి, "బా, హవే బంద్ కరావో నే!" అని వాన ఆపించమన్నాడు. చదువుకున్నవాడు, కోటులో పెన్ను పెట్టుకునేవాడు. ఇంకో సమయంలో అయితే నాయనమ్మ ఆ దృశ్యాన్ని చచ్చేదాకా చెప్పుకునేది. ఆ రోజు ఆమె ఆయన వైపు చూడలేదు. అప్పుడే ఊరి నుంచి వచ్చిన మనిషిని అడుగుతోంది. ఆ మనిషి తల అడ్డంగా ఊపాడు. అక్కడ చుక్క లేదు. నాయనమ్మ సేఠ్‌ను దాటుకుని వాకిట్లోకి వెళ్ళి ఆకాశం వైపు చెయ్యి చాచి, "ఆడ వడరా అంటే ఈడ వడ్తవేంది? నీకు కండ్లు లెవ్వా?" అని అరిచింది. తనను కాదని సేఠ్‌కు అర్థమై ఉండదు. గొడుగు మూసుకుని తడుస్తూ వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఆ గుంత ఉన్నచోట చీరల గోదాము ఉంది. మా ఊళ్ళో పెద్దబాపు అమ్మేసిన చెలక గట్టు మీదుగా కాలువ పోతోందట, రెండు పంటలు వరి పండుతోందట. కాలువలు తవ్వేవాళ్ళు తొందరపడరు కదా, మనుషులందరూ వెళ్ళిపోయారని రూఢి చేసుకున్నాకే తవ్వుతారు. పెద్దబాపు సూరత్‌లో బతికిన బతుకంతా నేను చూశాను. మగ్గం ఆయన చేతికి మళ్ళీ రాలేదు. చివరిదాకా తానులు మోసే పనే. గుంత ఎండుతున్నప్పుడు తోకకప్పలు గడువు కంటే ముందే కాళ్ళు మొలిపించుకుని గట్టెక్కుతాయని, అలా గట్టెక్కినవి చిన్నగానే ఉండిపోతాయని ఏటా పిల్లలకు పాఠం చెప్పేదాన్ని. చెప్తూ కిటికీ వైపు తిరిగేదాన్ని. బోర్డు తుడిచి పక్క పాఠానికి వెళ్ళేదాన్ని. సీను మంచివాడు, చైర్మన్, కారు కొన్నాడు. వాన పడితే ఏసీ పెంచి కిటికీ మూస్తాడు. వాడిని తప్పుపట్టను. అప్పుడేదో స్వర్గం ఉండేదని, ఇప్పుడు పోయిందని అనే రకాన్ని కాదు నేను. అప్పుడు వాకిలి కంపు కొట్టేది, మేము ఆకలితో ఉండేవాళ్ళం, కప్పలు ఒకదాన్నొకటి తినేవి. కానీ వాన అంటే అప్పుడు ఒక మనిషి ఊళ్ళో ఉండటమో, ఊడటమో. ఇప్పుడు మీటింగులో ఒక అంశం. ఈ తేడా నాకు మింగుడుపడటం లేదు, అంతే.

ఆ ఏడు పెద్దబాపు చెలక అమ్ముకుని వచ్చిన రోజు వాన ఇంకా పడుతూనే ఉంది. బాపు స్టేషన్‌కు వెళ్ళి తీసుకొచ్చాడు. కప్పతల్లి సంగతి దారిలో చెప్పి ఉంటాడు. ఆయన గొంతుకు బస్సులో అందరికీ తెలిసే ఉంటుంది. రేకు పెట్టె మా బాపు నెత్తి మీద ఉంది, చుట్టచుట్టిన చాప పెద్దబాపు చంకలో. అమ్మ గడపలోంచి, "బావా, లోపటికి రా, తడుస్తున్నవు" అంది. బాపు పెట్టెతో లోపలికి వచ్చేశాడు. పెద్దబాపు వాకిట్లో నిలబడిపోయాడు. చాప కింద పెట్టాడు. తలపాగా విప్పి దాని మీద పెట్టాడు. ముఖం పైకెత్తి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. ధోవతి ఒంటికి అంటుకుపోయింది, ఎంత చిక్కిపోయాడో అప్పుడు కనిపించింది. నాయనమ్మ గడప పట్టుకుని, "జొరమొస్తది బిడ్డా. లోపటికి రా" అంది. ఆమె గొంతు అంత చిన్నగా వినడం నాకదే మొదలు.

ఆయన కళ్ళు తెరవలేదు. "జర ఆగవ్వా. గీ వాన నువ్వు నాకు పంపిందే గదనే. తీసుకోనియ్యి" అన్నాడు.

నాయనమ్మకు కీళ్ళ నొప్పులు. చినుకు పడితే గడప దాటేది కాదు. ఆ రోజు మెట్టు దిగి, కొంగు కూడా కప్పుకోకుండా, వెళ్ళి ఆయన పక్కన నిలబడింది. అమ్మ పిలుస్తూనే ఉంది. ఇద్దరూ చాలాసేపు లోపలికి రాలేదు.